తార్నాకకు బేవుల్ఫ్ వచ్చిన దారి

ఇంగ్లీష్ ఎం.ఏ.లో చేరినవాళ్లకు ముందుగా ఎదురయ్యేది పాత సాహిత్యమే. సాహిత్య చరిత్రలో బేవుల్ఫ్, కవిత్వంలో చాసర్, స్పెన్సర్, డన్, నాటకాల్లో మార్లో, షేక్‌స్పియర్, బెన్ జాన్సన్. లాలాగూడ అద్దె గదుల్లో, తార్నాక హాస్టళ్లలో, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎన్నో బ్యాచ్‌ల విద్యార్థులు ఈ పేర్లు వల్లె వేశారు. ఈ జాబితా ఇంగ్లండులో ఎప్పుడో తయారై, ఓడెక్కి మన దాకా వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంగ్లీష్ సాహిత్యాన్ని పరీక్ష రాసి పట్టా పుచ్చుకునే చదువుగా మలచడంలో ఇంగ్లండు కంటే మన దేశమే ముందుంది. ఆ కథ తెలిస్తే ఈ పాఠాలు చదివే తీరే మారుతుందని నా నమ్మకం.

అంచులు కాలిన పుస్తకం

ముందు బేవుల్ఫ్ సంగతి. డెన్మార్కు రాజు కొలువును రాత్రిళ్లు పీడించే గ్రెండెల్ అనే రాక్షసుణ్ణి, ఆ తర్వాత వాడి తల్లినీ చంపి, ముసలితనంలో ఒక డ్రాగన్‌తో పోరాడి ప్రాణం విడిచిన వీరుడి కథ అది. 3,182 పాదాల ఈ కావ్యానికి లోకంలో మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇద్దరు లేఖకులు తోలు పుటల మీద రాసిన ప్రతి అది. 1731లో లండన్‌లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్‌ తగలబడినప్పుడు దాని అంచులు కమిలిపోయాయి. అప్పటినుంచి పుటల చివర్లు పొడిపొడిగా రాలుతూ వచ్చాయి.

1780ల చివర్లో గ్రీముర్ థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడు డెన్మార్కు చరిత్రకు ఆధారాలు వెతుకుతూ లండన్‌లో ఈ ప్రతిని చూశాడు. ఒక నకలు రాయించుకున్నాడు, మరొకటి తానే రాసుకున్నాడు. తర్వాతి కాలంలో మూలం నుంచి రాలిపోయిన దాదాపు 2,000 అక్షరాలు ఈ నకళ్ల వల్లే ఇవాళ మనకు తెలుసు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగెన్ మీద గుళ్ల వర్షం కురిపించినప్పుడు ఆయన ఇల్లూ, ఏళ్ల తరబడి అచ్చుకు సిద్ధం చేసుకున్న పనీ బూడిదయ్యాయి. నకళ్లు మాత్రం దక్కాయి. ఆయన మళ్లీ మొదటినుంచి పనికి కూర్చుని, 1815లో లాటిన్ అనువాదంతో సహా కావ్యాన్ని అచ్చు వేశాడు. ఇంగ్లండులో జాన్ కెంబుల్ దాన్ని పరిష్కరించి ప్రచురించింది 1833లో.

సరిగ్గా ఆ కాలంలోనే సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూయిస్తున్నాడు. వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చు వేయించాడు. ఇంగ్లీష్ వీరకావ్యాన్ని ఒక ఐస్‌లాండ్ మనిషి, తెలుగు పద్యాలను ఒక ఇంగ్లీష్ మనిషి దాదాపు ఒకే తరంలో పాఠకుల ముందు పెట్టారు. పాత సాహిత్యం ఏ భాషలోనైనా దానంతట అది నిలవదు. ఎవరో ఒకరు పూనుకుని నిలబెడితేనే నిలుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ కంటే ముందే

1835 ఫిబ్రవరిలో మెకాలే విద్య మీద తన ప్రసిద్ధ నివేదిక రాసేనాటికి, ఇంగ్లీష్ సాహిత్యానికి తొలి కావ్యం అని ఇవాళ మనం చెప్పుకునే బేవుల్ఫ్ ఇంగ్లండులోనే కొద్దిమంది పండితులకు తప్ప తెలియదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదువంటే గ్రీకు, లాటిన్, గణితం. ఇంగ్లీష్ సాహిత్యం తీరిక వేళ ఇంట్లో చదువుకునేది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 1828లోనే ఇంగ్లీష్‌కు ఆచార్యుణ్ణి పెట్టినా, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్ ఒక డిగ్రీ చదువుగా మొదలైంది 1894లో. కేంబ్రిడ్జి అయితే 1917 దాకా ఆగింది.

మన దగ్గర అంత ఆలస్యం జరగలేదు. 1813 చార్టర్ చట్టం భారతీయుల చదువుకు ఏటా లక్ష రూపాయలు కేటాయించింది. కానీ ప్రజల మతం జోలికి పోకూడదన్నది అప్పటి పాలకులైన ఈస్టిండియా కంపెనీ విధానం. ప్రభుత్వ బడిలో బైబిలు చెప్పడానికి లేదు. మరి పాలకుల నీతినీ నడవడినీ ఏ పుస్తకంతో నేర్పాలి? షేక్‌స్పియర్, మిల్టన్, బేకన్ ఆ పనికి అక్కరకొచ్చారు. ఈ సంగతిని ఆచార్య గౌరి విశ్వనాథన్ 1989లో వెలువడిన ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ గ్రంథంలో పాత దస్తావేజుల సాయంతో వివరంగా చూపించారు. 1855లో సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష పెట్టినప్పుడు అందులోనూ ఇంగ్లీష్ సాహిత్యానికి చోటిచ్చారు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. షేక్‌స్పియర్ చదివి బి.ఎ. పూర్తిచేసిన తెలుగు విద్యార్థికి, ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు చదివొచ్చిన అతని పై అధికారి కంటే ఇంగ్లీష్ సాహిత్యంలో పద్ధతైన చదువు ఎక్కువ ఉండేది.

విధేయత నేర్పడానికి తెచ్చిన పుస్తకాలను మనవాళ్లు తమ అవసరాలకు వాడుకున్నారు. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా తెలుగు చేశారు. ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను కందుకూరి వీరేశలింగం ‘చమత్కార రత్నావళి’గా మార్చారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాసి ఆడించారు. నాటకం మంగళంగా ముగియాలన్న రివాజు బలంగా ఉన్న రోజుల్లో కళ్ల ముందు నాయకుణ్ణి దుఃఖంలో ముంచి తెర దించడం చిన్న తెగువ కాదు. ఆ తెగువకు దన్నుగా నిలిచింది షేక్‌స్పియర్ విషాద నాటకాల చదువే.

ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీష్

లాలాగూడకు ఇంగ్లీష్ పుస్తకాల్లోంచి రాలేదు, రైలెక్కి వచ్చింది. నిజాం రైల్వే 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. మెట్టుగూడ, సౌత్ లాలాగూడల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. వర్క్‌షాపులో, చర్చిలో, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వినిపించే ఇంగ్లీష్ బతుకుతెరువు భాష. పక్కనే అడిక్‌మెట్ వైపు విశ్వవిద్యాలయం లేచేసరికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఆ విశ్వవిద్యాలయం పుట్టుకే ఒక సాహసం. 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1918లో ఉస్మానియా ఏర్పడింది. చరిత్ర, గణితం, వైద్యం, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలోనే. పాఠ్యపుస్తకాలు తయారుచేయడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థే పెట్టారు. అంతటా ఇంగ్లీష్ మాధ్యమం రాజ్యమేలుతున్న రోజుల్లో ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పవచ్చని చేసి చూపించారు. అయినా ఇంగ్లీష్‌ను విడిచిపెట్టలేదు. ప్రతి విద్యార్థీ దాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా చదవాలి. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ముఖ్యుల్లో ఒకరు సంస్థాన విద్యాశాఖ అధిపతి సయ్యద్ రాస్ మసూద్. ఇ.ఎం. ఫార్‌స్టర్ ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలను అంకితమిచ్చింది ఈ స్నేహితుడికే.

మొదట గన్‌ఫౌండ్రీ దగ్గరి అద్దె భవనాల్లో తరగతులు నడిచాయి. గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరులో ప్రారంభమైంది. ఇంగ్లీష్ సాహిత్యాన్ని ఇక్కడ అన్ని చదువులకూ తలుపుగా కాక, ఒక పరాయి సాహిత్యంగా, దాని పరిధిలో చదివారు. ఆ స్థానం దానికి సరిగ్గా సరిపోయిందని నాకనిపిస్తుంది. 1948లో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాక బోధనా మాధ్యమం ఇంగ్లీష్‌కు మారింది. అప్పటిదాకా ఒక సబ్జెక్టుగా ఉన్న భాష మొత్తం చదువుకే ఆధారమైంది.

భాషా, సాహిత్యమా?

1958లో విశ్వవిద్యాలయం పక్కనే కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టింది. కన్నడ కవి వి.కె. గోకాక్ దానికి తొలినాళ్ల డైరెక్టర్. ఉపాధ్యాయులకు ఇంగ్లీష్ బోధనలో శిక్షణ ఇవ్వడం దాని మొదటి పని. ధ్వనిశాస్త్రం, ఉచ్చారణ, వాక్య నిర్మాణం ముందుకొచ్చాయి. చాసర్ చదివితే ఇంగ్లీష్ వస్తుందన్న పాత నమ్మకం సడలింది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి అది సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూగా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వచ్చింది. దాని గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు తార్నాకలో దిగేవారు.

ఈ నగరంలో పాత సాహిత్యం మీద లోతైన పనీ ఆగలేదు. తర్వాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీష్ ఆచార్యులుగా పనిచేసిన ఎస్. నాగరాజన్ 1964లోనే అమెరికాలోని సిగ్నెట్ క్లాసిక్ వరుసలో ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకానికి సంపాదకత్వం వహించారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. విశ్వనాథన్ షేక్‌స్పియర్ మీద రాసిన గ్రంథాన్ని 1980లో కేంబ్రిడ్జి ప్రచురించింది. మన చదువు ఇక తీసుకోవడంతో సరిపెట్టుకోలేదు, ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత గట్టి ప్రశ్న వచ్చింది: ఎవరి సాహిత్యం, ఎవరి కోసం? సీఫెల్‌లో ఇంగ్లీష్ బోధించిన సూసీ తారు, కె. లలితతో కలిసి ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు వెలువరించారు (1991, 1993). 1985లో హైదరాబాద్‌లో ఏర్పడిన అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం ఇలాంటి ఆలోచనలకు వేదికైంది. ఆ సంపుటాల్లో ముద్దుపళనికి చోటు దక్కింది. తంజావూరు ఆస్థానంలో ఆమె రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఇంగ్లీష్ పాఠం చెప్పే గదిలోంచే ఈ మరుగుపడ్డ తెలుగు కావ్యం కోసం వెతుకులాట సాగింది. ఏ పుస్తకం సిలబస్‌లోకి ఎక్కిందో, ఏది ఎక్కలేదో అడగడం అప్పటినుంచి చదువులో భాగమైంది.

యతి తెలిసినవాళ్లకు

అలాగైతే బేవుల్ఫ్‌ను, షేక్‌స్పియర్‌ను పక్కన పెట్టేయాలా? పెట్టకూడదని నేను గట్టిగా అంటాను. ఎందుకో ఒక్క ఛందస్సు చూస్తే చాలు.

పాత ఇంగ్లీష్ పద్యంలో పాదం చివర ప్రాస ఉండదు. ప్రతి పాదం మధ్యలో ఒక విరామం ఉంటుంది. అది పాదాన్ని రెండు ముక్కలు చేస్తుంది. ముక్కకు రెండు చొప్పున నాలుగు ఊనికలు. మూడో ఊనిక దగ్గరి తొలి ధ్వని, మొదటి ముక్కలోని ఒకటో ఊనికతోనో, రెండో ఊనికతోనో, రెంటితోనో కలవాలి. తుదిప్రాసకు చెవి అలవాటుపడ్డ ఇవాళ్టి ఇంగ్లీష్ కుర్రాడికి ఇది కొత్త. ఉత్పలమాలలో మొదటి అక్షరానికి పదో అక్షరంతో, చంపకమాలలో పదకొండో అక్షరంతో మైత్రి కుదరాలని బడిలోనే నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ఇది తెలిసిన దారి. మనం అక్షరాలు లెక్కపెడతాం, వాళ్లు ఊనికలు లెక్కపెట్టారు. అచ్చుల విషయంలో మన యతి కట్టుదిట్టం: ‘అ’కు ఆ, ఐ, ఔ చెల్లుతాయి, ‘ఇ’ చెల్లదు. పాత ఇంగ్లీష్‌లో ఏ అచ్చుకైనా ఏ అచ్చయినా చెల్లుతుంది. ఈ ముక్క చెప్పి, రెండు పద్యాలు గొంతెత్తి పక్కపక్కన చదివిస్తే చాలు, తరగతిలో బేవుల్ఫ్ అంటే బెదురు పోతుంది.

కాలాలు కూడా పక్కపక్కనే ఉన్నాయి. బేవుల్ఫ్ రాతప్రతి తయారైన కొన్ని దశాబ్దాలకే రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. చాసర్ 1400లో కన్నుమూసేనాటికి శ్రీనాథుడు యువకుడు. షేక్‌స్పియర్ పుట్టింది 1564లో అయితే, స్వయంగా కవి అయిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా పుట్టింది 1565లో. ఆయన 1591లో చార్మినార్ కట్టించే వేళకు షేక్‌స్పియర్ లండన్ రంగస్థలం మీద తొలి అడుగులు వేస్తున్నాడు. 1583లో ‘టైగర్’ అనే ఓడెక్కి బయల్దేరిన రాల్ఫ్ ఫిచ్ అనే వర్తకుడు అలెప్పో మీదుగా ప్రయాణించి గోల్కొండ దాకా వచ్చాడు. ‘మక్బెత్’లో మంత్రగత్తె నోట అదే పేరుగల ఓడ, అలెప్పో వెళ్లిన నావికుడూ వినిపిస్తారు. మన పంచతంత్రం అరబ్బీ, లాటిన్, ఇటాలియన్ల మీదుగా 1570లో ఇంగ్లీష్‌లోకి చేరింది. చేర్చినవాడు థామస్ నార్త్. షేక్‌స్పియర్ తన రోమన్ నాటకాలకు కథలు తీసుకున్న ప్లుటార్క్ చరిత్రల అనువాదకుడూ ఆయనే.

పాలకుల దర్పం కోసం కాక, మనుషులు ఒకే కాలంలో వేర్వేరు చోట్ల వీరత్వాన్ని, అధికారాన్ని, చావును ఎలా తలచుకున్నారో తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు చదవాలి. ఐర్లండ్ కవి షేమస్ హీనీ ఆ పని చేసి చూపించాడు. ఇంగ్లీష్ పాలన కింద నలిగిన జాతివాడై కూడా, తన ఊరివాళ్ల గొంతు కలిపి 1999లో బేవుల్ఫ్‌ను అనువదించాడు. పాత ఇంగ్లీష్ ఇవాళ ఎవరికీ తల్లి భాష కాదు. లండన్ కుర్రాడూ, లాలాగూడలో అద్దెకున్న నల్లగొండ కుర్రాడూ దాని ముందు సమానమే. ఇద్దరూ నిఘంటువు విప్పాల్సిందే. ఉచ్చారణ బాగాలేదని, పల్లెటూరి బడిలో చదివామని కుంగిపోయే మన పిల్లలకు ఈ మాట మొదటి రోజే చెప్పాలి. బేవుల్ఫ్ పాఠం చెప్పే వారమే నన్నయ పద్యాన్నీ, మార్లో నాటకం చెప్పే నెలలోనే కుతుబ్‌షాల కాలపు తెలుగు, దక్కనీ కవిత్వాన్నీ తరగతికి తీసుకురావాలి. ఉస్మానియాలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్ శాఖలు మూడూ ఉన్నాయి. ఆచార్యులు కలిసి కూర్చుని ఒక పాఠం తయారుచేయడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో మరొకటి నాకు తోచదు.