తోడుకున్న వేళను బట్టి లెక్క

పాలలో ఎంత తోడు వేశారో తెల్లారాక గడ్డపెరుగును చూసి ఎవరూ చెప్పలేరు. చెంచాడు వేసినా చుక్క వేసినా పొద్దుటికి గిన్నె నిండా పెరుగే. ఎంతసేపటికి తోడుకుందో కనిపెట్టి కూర్చుంటే మాత్రం తోడెంతో అంచనా కట్టవచ్చు. కణంలో ఒక జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే రియల్ టైమ్ పీసీఆర్ పుట్టింది ఈ కిటుకు నుంచే. జన్యువు పనిచేస్తే దాని ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవుతాయి. వాటిని కొలవడానికి 1977లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన నార్తర్న్ బ్లాట్‌కు ఆర్‌ఎన్‌ఏ దండిగా కావాలి. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసే ఎంజైమ్‌ను 1970లోనే టెమిన్, బాల్టిమోర్ ఎవరికి వారుగా కనుగొన్నారు. ఆ డీఎన్‌ఏను సైకిల్‌కు రెట్టింపు చొప్పున పెంచే పీసీఆర్‌ను కాలిఫోర్నియాలోని సీటస్ కంపెనీలో కేరీ మల్లిస్ 1983లో ఊహించాడు.

అందుకే ఘనతంతా మల్లిస్‌దేనని, తర్వాతివన్నీ చిల్లర మెరుగులని వాదించవచ్చు. కానీ పెంచడం వేరు, కొలవడం వేరు. ముప్పై నలభై సైకిళ్లయ్యేసరికి ముడిసరుకు తరిగి పెరుగుదల ఆగిపోతుంది. మొదట్లో డీఎన్‌ఏ ఎక్కువున్న గొట్టం, తక్కువున్న గొట్టం చివరికి ఒకేలా కనిపిస్తాయి. అంటే, పీసీఆర్ తాను పెంచినదాని అసలు లెక్కను తానే చెరిపేసేది. ఆ లెక్కను తిరిగి రాబట్టింది రసెల్ హిగుచి బృందం. డీఎన్‌ఏకు అతుక్కుంటే మరింతగా మెరిసే ఎథీడియం బ్రోమైడ్‌ను ముందే గొట్టంలో కలిపి, కెమెరాతో సైకిల్ సైకిల్‌కూ ఆ వెలుగును చూస్తూ 1992, 1993లలో ఫలితాలు ప్రకటించారు. వెలుగు ముందే నిర్ణయించుకున్న గీతను దాటిన సైకిలే సీటీ విలువ. ఒక సైకిల్ ముందు దాటితే మొదటి సరుకు సుమారు రెట్టింపు, 3.3 సైకిళ్లు ముందైతే పదింతలు.

యంత్రం దశాంశాలతో సహా చెప్పాక ఇంకా సందేహమెందుకని అడగవచ్చు. గొట్టంలోకి ఎంత ఆర్‌ఎన్‌ఏ చేరిందో, ఎంత చెడిపోయిందో యంత్రానికి తెలియదు. అందుకే నిలకడగా ఉంటుందనుకున్న యాక్టిన్, జీఏపీడీహెచ్ వంటి జన్యువులతో పోల్చి చూస్తారు. లివాక్, ష్మిట్‌జెన్ 2001లో ప్రచురించిన లెక్క కూడా ఆ పోలిక మీదే నిలబడింది. అయితే ఆక్సిజన్ తగ్గితే జీఏపీడీహెచ్ కూడా మారవచ్చు. కొలబద్దే సాగితే కొలత ఏం నిలుస్తుంది? ప్రయోగం ఎలా చేశారో, దేనితో పోల్చారో వివరంగా చెప్పాలని 2009లో ఇలాంటి ప్రయోగాల కోసం వెలువడిన ఎంఐక్యూఈ (MIQE) మార్గదర్శకాలు కోరింది ఇందుకే. తోడుకున్న వేళ చూసి తోడెంతో తేల్చాలంటే, రెండు గిన్నెల్లోనూ ఒకే పాలు, ఒకే వెచ్చదనం ఉండాలి. గడియారం ఎంత మంచిదైనా ఆ పూచీ మాత్రం తోడు వేసినవారిదే.