తెలుగు ఆకాశవాణికి పాటల బాట వేసిన బాలాంత్రపు రజనీకాంతరావు

తెలుగు ప్రసార రంగ చరిత్రలో శ్రీ బాలాంత్రపు రజనీకాంతరావు గారిది విశిష్ట స్థానం. కవిగా, స్వరకర్తగా, పరిశోధకునిగా, కేంద్ర సంచాలకునిగా ఆకాశవాణికి ఆయన అందించిన సేవలు చిరస్మరణీయమైనవి. సహోద్యోగులకు, శ్రోతలకు ఆయన 'రజని'గా సుపరిచితులు.

శ్రీ రజనీకాంతరావు 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించారు. వెంకట పార్వతీశ కవులుగా ప్రసిద్ధి పొందిన జంటకవులలో ఒకరైన శ్రీ బాలాంత్రపు వెంకటరావు ఆయన తండ్రి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు అభ్యసించిన అనంతరం 1941లో మద్రాసు ఆకాశవాణి కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. ఆంధ్ర ప్రాంతానికి ప్రత్యేక కేంద్రం లేని ఆ రోజులలో కోస్తా, రాయలసీమ శ్రోతలకు తెలుగు కార్యక్రమాలు మద్రాసు నుండే ప్రసారమయ్యేవి.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ ప్రసంగం ముగిసిన పిమ్మట, శ్రీ రజని రచించి స్వరపరచిన 'మాదీ స్వతంత్ర దేశం' గీతాన్ని శ్రీమతి టంగుటూరి సూర్యకుమారి మద్రాసు కేంద్రం నుండి ఆలపించారు. స్వాతంత్ర్య శుభవార్తను తెలుగువారు తమ భాషలో, పాట రూపంలో ఆలకించిన ఘడియ అది.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. ఉదయపు ప్రసారాలలో భాగమైన 'భక్తిరంజని' ఈ కేంద్రానికి విశేష కీర్తి తెచ్చింది. ఆ కార్యక్రమ వికాసంతో శ్రీ రజని, డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణల పేర్లు ముడిపడి ఉన్నాయి. సంకీర్తనలు, తత్త్వాలు, స్తోత్రాలు సంగీత సభలకు వెళ్ళే అవకాశం లేని సామాన్యుల ఇండ్లకు రేడియో ద్వారా చేరాయి. తదుపరి కాలంలో శ్రీ రజని ఇదే కేంద్రానికి సంచాలకులుగా బాధ్యతలు నిర్వహించారు. 1978లో బెంగళూరు కేంద్రం నుండి పదవీ విరమణ చేశారు.

ఉద్యోగ బాధ్యతల నడుమనే ఆయన రచించిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని పొందింది. పదానికి స్వరం కట్టే ముందు దాని కర్తను, కాలాన్ని, సంప్రదాయాన్ని తెలుసుకోవాలన్న దృష్టి ఆయన ప్రసార కృషిలోనూ, పరిశోధనలోనూ సమానంగా కనిపిస్తుంది. 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ళ వయసులో, విజయవాడలో ఆయన కన్నుమూశారు.

ప్రసారకుల కృషికి ఒక ప్రత్యేకత ఉంది. గ్రంథం గ్రంథాలయంలో నిలుస్తుంది. గాలిలో పలికిన పాట, ధ్వనిముద్రణ లేనిదే, ఆ క్షణంతోనే సమసిపోతుంది. తొలినాటి కార్యక్రమాలలో అనేకం నేరుగా ప్రసారమైనందున వాటికి ముద్రణలు మిగలలేదు. మిగిలిన అయస్కాంత టేపులు కూడా కాలక్రమంలో శిథిలమయ్యే స్వభావం గలవి. కాబట్టి నాటి టేపులను డిజిటల్ రూపంలోకి మార్చి, రచయిత, స్వరకర్త, గాయకులు, వాద్యకారుల పేర్లతో సహా భద్రపరచడం అత్యావశ్యకం. పేరు నమోదు కాని పాట కొంతకాలానికి అనామకమవుతుంది. వాగ్గేయకారుల చరిత్రను గ్రంథస్థం చేసిన రజని గారికి, వారితో కలసి పనిచేసిన కళాకారులకు అదే సముచితమైన నివాళి.