కారు ఇంధన వ్యవస్థలో విద్యుత్ లోపాలు

కారు ఇంధన వ్యవస్థలో విద్యుత్ లోపాలు అనగా పెట్రోలు పంపునకు, ఇంజెక్టర్లకు విద్యుత్తును అందించే ఫ్యూజు, రిలే, తీగలు, కప్లర్లు, ఎర్త్, వాటిని నియంత్రించే సెన్సర్లలో ఏర్పడే లోపాలు. ట్యాంకులో పెట్రోలు ఉండగానే నడుస్తున్న కారు హఠాత్తుగా ఆగిపోవడానికి ఇవి ఒక ముఖ్య కారణం. ఈ లోపాలు తరచుగా వచ్చి పోతూ ఉంటాయి. కారు మెకానిక్ వద్దకు చేరేసరికి మామూలుగా నడుస్తుంది. అందువలన ఖరీదైన పంపును అనవసరంగా మార్చడం, కొద్ది రోజులకే కారు మళ్ళీ దారిలో నిలిచిపోవడం జరుగుతుంటుంది.

నేపథ్యం

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో ఇంజను చేత నడిచే యాంత్రిక పంపు పెట్రోలును కార్బురేటరుకు అందించేది. దానికి విద్యుత్తుతో పని లేదు. భారతదేశంలో 2000 ప్రాంతం నుండి ఉద్గార నియమాలు కఠినం కావడంతో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ విధానం వచ్చింది. పంపు ట్యాంకు లోపలికి చేరి, విద్యుత్ మోటారుతో నడవడం మొదలైంది. లారీల బాడీ నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కూడా పానాలతో పాటు మల్టీమీటరు, స్కానరు పనిముట్లయ్యాయి.

పనిచేయు విధానం

తాళం తిప్పగానే ఇంజను కంప్యూటరు (ఈసీయూ) రిలే ద్వారా పంపును సుమారు రెండు సెకన్లు నడుపుతుంది. చాలా కార్లలో వెనుక సీటు క్రింద నుండి సన్నని గుయ్‌మను శబ్దం వినబడుతుంది. ఆ తరువాత ఇంజను తిరుగుతున్నదని క్రాంక్ సెన్సరు తెలిపినంత కాలమే పంపు నడుస్తుంది. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పెట్రోలు పారకుండా ఈ ఏర్పాటు చేశారు. దీనివలన సెన్సరు చెడినప్పుడు కూడా లోపం పంపుదే అనిపిస్తుంది.

కారణాలు

రిలే లోపలి కాంటాక్టులు కాలి నల్లబడడం, టంకం పగలడం సాధారణంగా కనిపించే లోపాలు. వేడికి ఆ పగులు విచ్చుకుని కనెక్షన్ తెగుతుంది, చల్లారాక కలుస్తుంది. క్రాంక్ సెన్సరు కూడా ఇదే తీరులో ప్రవర్తిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడ ఎండలో, ట్రాఫిక్‌లో నిలిచి కదిలే కారు బానెట్ క్రింద వేడి మరింత పెరుగుతుంది. అరగంట ఆగితే మళ్ళీ స్టార్ట్ అయ్యే కారులో మొదట అనుమానించవలసినవి ఈ రెండే.

కప్లర్లలో చిలుము, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టడం మరొక కారణం. మచిలీపట్నం వైపు ఉప్పు గాలి తగిలే ఊళ్ళలో దీనిని విస్మరించరాదు. ఎలుకలు తీగలు కొరకడం కూడా తక్కువ కాదు. ఇక పంపు మోటారును చల్లబరచేది ట్యాంకులోని పెట్రోలే; ఎప్పుడూ రిజర్వులో నడిపే కారులో పంపు త్వరగా అరుగుతుంది.

లోపమును గుర్తించుట

ఆగిపోయిన తీరు కొంత చెబుతుంది. తాళం తీసినట్లు ఒక్కసారిగా ఆగితే మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్ లేదా క్రాంక్ సెన్సరు. ఒకటి రెండు క్షణాలు కుదుపులిచ్చి ఆగితే పంపు సరఫరా. చాలా దూరం బలహీనంగా లాగి ఆగితే ఫిల్టరు అడ్డుపడి ఉండవచ్చు. ఇవి సూచనలే, నిర్ధారణ కాదు.

పరీక్షను కారు స్టార్ట్ కాని స్థితిలోనే చేయాలి. తాళం తిప్పి శబ్దం వినాలి. శబ్దం లేకపోతే ఫ్యూజు చూసి, అదే రకం హారన్ రిలేను పంపు రిలే స్థానంలో పెట్టి చూడవచ్చు. అప్పటికీ పలకకపోతే పంపు కప్లరు వద్ద వోల్టేజి కొలవాలి. ఆ రెండు సెకన్లలో బ్యాటరీకి దగ్గరగా వోల్టేజి వచ్చి, ఎర్త్ బాగుండి, పంపు తిరగకపోతేనే పంపు చెడినట్లు. వోల్టేజి రాకపోతే వెనుకకు వైరు వెంట వెదకాలి. తాళం తిప్పినప్పుడు శబ్దం చేసి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపు మూగబోతే క్రాంక్ సెన్సరును చూడాలి.

15 ఆంపియర్ల ఫ్యూజు పోతే 30 వేయడం, రిలేను తప్పించి తీగతో శాశ్వతంగా కలపడం ప్రమాదకరం. మొదటిదానితో వైరు అంటుకోవచ్చు. రెండవదానితో ప్రమాద సమయంలోనూ పంపు ఆగదు. ట్యాంకు మూత తెరచి ఉన్నచోట నిప్పురవ్వ రాకూడదు.

దారిలో ఆగినప్పుడు

కనకదుర్గ వారధి వంటి చోట పెద్ద వాహనాల మధ్య ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కవచ్చు. బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది. కనుక పెడల్‌ను పలుమార్లు తొక్కక, ఒకే ఒత్తిడితో, హజార్డ్ లైట్లు వేసి ఎడమ అంచుకు చేర్చాలి. కారు కదులుతుండగా తాళం పూర్తిగా తీస్తే కొన్ని కార్లలో స్టీరింగు బిగుసుకుంటుంది.

వరద నీటిలో మునిగిన కార్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలలో పెద్ద సంఖ్యలో వాహనాలు మునిగాయి. ఇటువంటి కార్లలో నీరు దిగాక ఇంజను నడిచినా, కప్లర్లలో నిలిచిన బురద తేమ పిన్నులను నెలల తరబడి తింటుంది. ఫ్యూజు పెట్టె బాగున్నట్లు కనబడినా కార్పెట్ క్రింది వైరింగు చెడి ఉండవచ్చు. పాత కారు కొనేవారు వెనుక సీటు ఎత్తి పంపు కప్లరును ఊడదీసి పచ్చని చిలుము, ఒండ్రు ఉన్నవేమో చూడాలి. సీటు పట్టాల బోల్టులు, సీటు బెల్టు అడుగు భాగం కూడా నీటి మట్టాన్ని చెబుతాయి. పాలిష్ పెట్టినవారు సాధారణంగా ఆ భాగాల జోలికి పోరు.