అచ్చ జటామాంసి: మరియ అత్తరు, మనం కొనే సీసా



ఈ వారం జటామాంసి గురించి రాయడానికి ఒక కారణం ఉంది. మొన్న చలికాలంలో మన సంఘంలోని ఒక నాయనమ్మ బొటనవేలంత సీసా తెచ్చి మాకు చూపించింది. యేసయ్య పాదాలకు మరియ పూసిన తైలం ఇదేనని చెప్పి ఎవరో 1,500 రూపాయలకు అమ్మారట. ఏడాది మనవడికి జలుబు చేసింది, రాయమంటారా అని అడిగింది. మేము సీసా మీద ఏముందో చదవలేదు. "ప్రార్థన చేసి రాయమ్మా" అనేశాం. రాత్రికి బిడ్డ ఛాతీ ఎర్రగా కందిపోయి, గుక్కపట్టి ఏడ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకుని పరుగెత్తాం. దేవుని కృపవలన బిడ్డ కోలుకున్నాడు. ఆ తప్పులో మా వంతు మాది. అందుకే ఈ తైలం చరిత్ర ఏమిటో, వాక్యంలో ఉన్నది ఏదో, సీసాలో ఉన్నది ఏదో శ్రద్ధగా చదివాం. మీకూ చెప్పాలనిపించింది.

జటామాంసి మనకు తెలియనిది కాదు. మూలికల అంగట్లో జడలా వెంట్రుకలు అల్లుకున్న గోధుమరంగు వేరు ఉంటుంది, అదే. మన పెద్దవాళ్లు తలనూనెలో వేసి కాచేవారు. మొక్క మాత్రం మన నేల మీద పెరగదు. నేపాల్, ఉత్తరాఖండ్, సిక్కిం వైపు హిమాలయాల్లో, సుమారు 3,000 మీటర్లకు పైన, చలికొండల మీద పెరుగుతుంది. సువాసన ఉండేది దాని వేరుదుంపలో. వేరు కావాలంటే మొక్కను పీకాల్సిందే.

ఆ కొండల్లోని వేరు యెరూషలేము పక్కనున్న బేతనియ గ్రామానికి ఎలా చేరింది? మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రా గ్రంథం ఆ దారి చెబుతుంది. ఉత్తరాది జటామాంసి బరుకచ్ఛం, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్ రేవు నుండి ఓడ ఎక్కేది. గంగాతీరపు సరుకు కేరళ తీరంలోని ముజిరిస్ రేవుకు వచ్చేది. అక్కడినుండి ఎర్రసముద్రం, ఐగుప్తు, అలెక్సంద్రియ. వియన్నాలో భద్రపరచిన రెండవ శతాబ్దపు పపైరస్ ఒకటి ఉంది. హెర్మపోలోన్ అనే ఓడలో ముజిరిస్ నుండి వెళ్లిన సరుకు లెక్క అందులో ఉంది. దంతాలతో పాటు గంగా జటామాంసి 60 పెట్టెలు. ప్రభువు పాదాల మీద పోసిన పరిమళం మన దేశపు కొండల వైపు నుండి వెళ్లినదన్నమాట. ఆ మాట తలచుకుంటే మనసు పులకిస్తుంది.

ఇంత దూరం నడిచిన సరుకుకు ధర ఎక్కువే. రోమా రచయిత ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో రాసిన ప్రకృతి చరిత్రలో జటామాంసి కంకి పౌను 100 దేనారములని, ఆకు రకాలు 40, 60, 75 దేనారములని లెక్క రాశాడు. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలికి రోజుకు ఒక దేనారము. మార్కు సువార్తలో ఆ అత్తరు విలువ 300 దేనారములకు పైమాటే, యోహాను సువార్తలో 300 దేనారములు. యోహాను చెప్పిన కొలత ఒక రోమా పౌను, సుమారు 325 గ్రాములు. విశ్రాంతి దినాలు, పండుగలు తీసేస్తే 300 రోజుల కూలి అంటే దాదాపు ఒక ఏడాది కష్టం.

ధర ఉన్నచోట కల్తీ కూడా ఉంటుంది. వేరే మొక్కల వేళ్లను జటామాంసి అని అమ్మేవారని, బరువు కోసం ఇంకేవో కలిపేవారని ప్లినీ అప్పుడే హెచ్చరించాడు. సువార్తికులు ఊరికే జటామాంసి అని రాసి వదల్లేదు, అచ్చ జటామాంసి అన్నారు. అక్కడున్న గ్రీకు మాట పిస్టికోస్. అది విశ్వాసం అనే అర్థమున్న పిస్టిస్ మాటకు చుట్టమని, నమ్మదగినది అని అర్థమని చాలామంది పండితులు చెబుతారు. ప్రభువుకు ఇచ్చేదానిలో కల్తీ ఉండకూడదని ఆ స్త్రీకి తెలుసు.

ఇక అసలు సంగతి. ఆ బుడ్డిలో ఉన్నదీ, నేడు సీసాలో అమ్మేదీ ఒకటి కాదు. ఆవిరి పట్టి వేరులోని సారాన్ని విడిగా తీసే పద్ధతి ఆ రోజుల్లో అత్తరులు చేసేవారికి లేదు. సుగంధ ద్రవ్యాలను నూనెలో నానబెట్టి, వేడిచేసి చేసేవారు. జటామాంసి అత్తరులో పచ్చి ఒలీవ కాయల నూనె, కోష్టు, బోళం వగైరా కలుస్తాయని ప్లినీయే చెప్పాడు. అంటే అది ముందే మంచినూనెలో పలచబడిన పరిమళం. తలమీద పోసినా, పాదాలకు రాసినా ఒంటికి హాయి. నేటి సీసాలోని తైలం అలా కాదు. కిలోలకొద్దీ వేరు మరిగిస్తే కొద్దిగా దక్కే చిక్కటి సారం అది. నాయనమ్మ మనవడి ఒంటికి తగిలింది ఆ చిక్కదనమే. బైబిలులో పేరుందని బిడ్డ చర్మం దాన్ని ఓర్చుకోదు.

కాబట్టి కొనదలచినవారు ఈ సంగతులు చూసుకోండి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం నార్డోస్టాకిస్ జటామాన్సి అని ఉండాలి. తగర అనే వేరే మొక్కకు శాస్త్రీయ నామం వలేరియానా జటామాన్సి. చివరి మాట ఒకటే కాబట్టి మొదటి మాట చూడండి. వేరు నుండి తీసినదా, ఆవిరి పట్టి తీసినదా, ఏ దేశపుది, తయారీ బ్యాచి సంఖ్య ఏమిటి, వేరే నూనె కలిపారా, ఇవన్నీ రాసి ఉండాలి. ముదురు రంగు గాజు సీసాలో ఉండాలి. మల్లెలా, గులాబీలా తియ్యగా గుప్పుమంటే అనుమానించండి. అసలు జటామాంసి వాసన మట్టిలా, తడి వేరులా బరువుగా ఉంటుంది. మరీ చవకైతే కల్తీ కావచ్చు, అలాగని ఖరీదైనంత మాత్రాన అచ్చమైనదని కాదు. ఇంకొక మాట. పీకడం ఎక్కువై ఈ మొక్క నశించిపోయే స్థితికి వచ్చింది. 1997లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలోకి తెచ్చారు. అవసరం లేకుండా కొనకపోవడం కూడా దేవుని సృష్టిని కాపాడడమే.

వాడేటప్పుడు నేరుగా ఒంటికి రాయవద్దు. పెద్దవారికైతే రెండు చిన్న చెంచాల, అంటే 10 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో గానీ నువ్వులనూనెలో గానీ రెండు చుక్కలు చాలు. ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి. దద్దురు, మంట వస్తే మానేయండి. కంట్లో, ముక్కులో వేయవద్దు. తాగవద్దు, తాగించవద్దు. పసిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. నిద్రమాత్రలు, బి.పి. మందులు, మూర్ఛ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టవద్దు. దీపానికి దూరంగా, పిల్లలకు అందని చోట పెట్టండి. ఒంటికి తగిలి మండితే మామూలు నూనెతో తుడిచి సబ్బుతో కడగండి. కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు. సీసా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"మరి రోగికి నూనె రాసి ప్రార్థన చేయమని వాక్యంలో ఉంది కదా అయ్యగారూ" అని ఆ నాయనమ్మే తర్వాత అడిగింది. ఉంది, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. కానీ అక్కడ జటామాంసి అనే మాట లేదు, ధర లేదు. ఆ దేశంలో ప్రతి ఇంట్లో ఉండే నూనె ఒలీవ నూనె. రోగిని స్వస్థపరచేది విశ్వాస సహితమైన ప్రార్థన అని యాకోబు చెప్పాడు, నూనె ఖరీదు అని చెప్పలేదు. మంచి సమరయుడు కూడా గాయాలకు నూనె పోసి ఊరుకోలేదు. పూటకూళ్లవాని ఇంటికి చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, చూసుకోమన్నాడు. ప్రార్థన ఆసుపత్రి దారిని మూసేది కాదు.

బేతనియలో ఆ అత్తరు ధర కట్టిన యూదా చేతిలో సంచి ఉంది. బీదల పేరు చెప్పాడు గానీ అతని కన్ను సంచి మీదే. మరియ మాత్రం తన జబ్బు పోవాలని పోయలేదు, లాభం రావాలని పోయలేదు. చనిపోయిన సహోదరుణ్ణి లేపిన ప్రభువుకు తనకున్న ప్రశస్తమైనది ఇచ్చేసింది. ఆ అత్తరు మరియ చేతినుండి ప్రభువు దగ్గరకు వెళ్లింది. నేడు ప్రభువు పేరు చెప్పి మన చేతినుండి డబ్బు అమ్మేవాడి దగ్గరకు వెళ్తుంటే, అది బేతనియ దారి కాదు.

ఇకమీదట ఎవరైనా మా దగ్గరకు సీసా తెస్తే ముందు చదువుతాం, తర్వాత ప్రార్థిస్తాం. మీరూ అలాగే చేయండి. ఆ నాయనమ్మ 1,500 రూపాయలు పోయాయని బాధపడలేదు. "బిడ్డ దక్కాడు, చాలు" అని మొన్న ఆదివారం కృతజ్ఞతార్పణ వేసింది. ఇరవై రూపాయల నోటు. ఆ ఉదయం మన మందిరంలో అచ్చమైనది అదేనని మాకు అనిపించింది.

పరలోకమందున్న తండ్రీ, నీ బిడ్డలకు వివేకం దయచేయుము. నీ పేరున జరిగే మోసం నుండి మమ్మును, మా పిల్లలను కాపాడుము. కల్తీలేని మనసు మాకిమ్మని యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.