విడిభాగాలు లేని వీడ్కోలు

2020 జనవరి 26న, గణతంత్ర దినోత్సవ కవాతులో, ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను ఆఖరిసారి భుజాన మోశారు. దాన్ని పుట్టించిన ఇంగ్లండే 1957లో తన సైనికుల చేతుల్లోంచి తప్పించడం మొదలుపెట్టింది. మన సైన్యం 1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాక దానికి సెలవిచ్చింది. పోలీసు మాత్రం ఇంకో అరవై ఏళ్ల దాకా దాన్నే తుడుచుకుంటూ, బాగుచేయించుకుంటూ కాపలా కాశాడు. చావు ఎప్పుడో వచ్చింది, కబురు అందడానికే ఇన్నేళ్లు పట్టింది.

దానికీ వైభవం ఉండేది. స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ ప్యారిస్ లీ రూపొందించిన బోల్టు, ఎన్‌ఫీల్డ్ కర్మాగారం గొట్టంలో కోసిన గాళ్లు కలిసి లీ ఎన్‌ఫీల్డ్ అనే ఈ రైఫిల్ అయింది. మన తాతలు చూసిన మార్క్ 3 రకం 1907 నాటిది. పది తూటాల మేగజీన్. బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కితే మరో తూటా సిద్ధం. ఆ కదలికలో ఉన్న నునుపును, దాన్ని ఇష్టపడనివాళ్లు కూడా మెచ్చుకునేవారు. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో 1904లో వెలసిన రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని ఇక్కడే తయారుచేసింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో భారత సిపాయి చేతిలో ఉన్నది అదే.

ఆ వైభవం గురించి రాసేటప్పుడు కలం ఒకచోట ఆగాలి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో యాభై మంది సిపాయిలు 1,650 తూటాలు కాల్చింది ఈ రైఫిల్‌తోనే.  అలాంటి దాని పతనానికి కన్నీళ్లు పెట్టమని నేను ఎవరినీ అడగను. నా దిగులంతా ఆ తర్వాత దాన్ని పట్టుకుని నిలబడాల్సి వచ్చినవాళ్ల గురించి.

తుపాకీ ముసలిదవడం కూడా ఒక వరసలో జరుగుతుంది. త్రీ నాట్ త్రీలో మందుగా వాడిన కార్డైట్ విపరీతమైన వేడితో మండుతుంది. తూటా కూర్చునే గదికి కాస్త ముందు, గాళ్లు మొదలయ్యే చోట, ఉక్కు మెల్లగా కరిగి కోసుకుపోతుంది. తూటా అడుగున ఉండే ప్రైమర్ కాలితే మిగిలే ఉప్పు ఇంకో శత్రువు. అది గాలిలోని తేమను లాగి లోపల తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డ ఎన్నిసార్లు లాగినా ఆ ఉప్పు పోదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే పాత సైన్యంలో కాల్పులు అయిన వెంటనే గొట్టంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. ఆ తర్వాతే గుడ్డ కట్టి లాగే పుల్‌త్రూ తాడు, ఆ తర్వాతే నూనె. ఉక్కపోతా ఉప్పుగాలీ ఉండే మన కోస్తాలో ఈ ఒక్క పని మరిచిపోతే చాలు, గొట్టం లోపల గుంటలు పడతాయి.

బోల్టు సంగతి ఇంకా సూక్ష్మం. పేలుడు దెబ్బను మోసే లగ్గులు ఈ తుపాకీలో బోల్టు వెనక భాగాన ఉంటాయి. వేల తూటాల తర్వాత అవి, అవి ఆనుకునే చోటు, వెంట్రుకవాసిగా అరుగుతాయి. అప్పుడు తూటాకూ బోల్టు ముఖానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని కొలవడానికి తుపాకులు బాగుచేసే ఆర్మరర్ దగ్గర రెండు గేజులు ఉంటాయి: 0.064 అంగుళం, 0.074 అంగుళం. మొదటిదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. రెండోదాని మీద కూడా మూసుకుంటే తూటా తొడుగు లోపలే తెగి, ముందు ముక్క గదిలో ఇరుక్కుపోవచ్చు. మొత్తం బోల్టు మార్చనక్కర్లేకుండా ఈ తుపాకీలో ఒక ఏర్పాటు ఉంది. బోల్టు తల విడిగా ఉండి, మరలాగా తిప్పితే ఊడి వస్తుంది. తర్వాత వచ్చిన నంబర్ 4 రకంలో ఆ తలలకు 0 నుంచి 3 దాకా అంకెలు వేశారు, పొడవు కొద్దికొద్దిగా పెరుగుతూ. మార్క్ 3కి ఆ సౌకర్యం లేదు. సరిపడేది దొరికేదాకా ఆర్మరర్ ఒక్కొక్కటే బిగించి చూడాలి. తుపాకీ నంబరే బోల్టు మీదా చెక్కి ఉండేది ఇందుకే. ఒకదాని బోల్టు ఇంకొకదానికి పెట్టడమంటే ఒకరి పళ్లసెట్టు ఇంకొకరి నోట్లో పెట్టడమే.

మిగిలినవి చిన్న జబ్బులు. కాలిన తూటా తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు విరుగుతుంది. స్ట్రైకర్ స్ప్రింగు బలం తగ్గితే తూటా పేలదు, టక్కుమని ఊరుకుంటుంది. ముందరి చెక్క, రీకాయిల్ దెబ్బకు నలిగి, గొట్టాన్ని సరిగ్గా పట్టుకోవడం మానేస్తుంది. అది చీలిపోకుండా ఇషాపూర్‌వాళ్లు అడ్డంగా ఒక మర బిగించేవారు. ఇవాళ ఆ మరను చూసే పాత తుపాకుల ప్రియులు ఇది ఇషాపూర్‌ది అని గుర్తుపడతారు. ఈ భాగాల్లో మార్చలేనిది ఏదీ లేదు. మార్చే మనిషీ, పెట్టెలో కొత్త భాగమూ ఉన్నంతకాలం ఈ తుపాకీకి చావు లేదు. దాని కథ విషాదమైంది అక్కడే.

1962 నవంబర్ 18న చుషుల్ దగ్గర, పదహారు వేల అడుగుల ఎత్తున, రెజాంగ్ లా కనుమలో 13 కుమావూన్ చార్లీ కంపెనీ చివరిదాకా పోరాడింది. మేజర్ షైతాన్ సింగ్‌తో పాటు 110 మందికి పైగా అక్కడే ఒరిగారు. చేతుల్లో ప్రధానంగా ఉన్నవి ఈ బోల్టు రైఫిళ్లే. ఎదుటి చైనా సైనికుల దగ్గర తమంత తాము తూటా ఎక్కించుకునే ఆయుధాలున్నాయి. ఆ చలిలో, సరైన చేతి తొడుగులు లేక కొయ్యబారిన వేళ్లతో, ప్రతి తూటాకూ బోల్టు లాగాల్సిన మనిషిని తలుచుకుంటే, తుపాకీ నాణ్యత గురించి వాదించబుద్ధి కాదు. 1963లో ఆ శరీరాలు కందకాల్లో గడ్డకట్టి దొరికాయి. కొందరి చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి.

ఆ ఓటమి తర్వాత సైన్యానికి, తనంత తాను తూటా ఎక్కించుకునే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ వచ్చింది. ఇషాపూర్ తన పాత నమూనానే గట్టి ఉక్కుతో మళ్లీ మలిచి, 7.62 తూటా పట్టే 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. వాటి తయారీ 1970ల మధ్యకల్లా ఆగిపోయింది. నడిమి వయసులో వేసుకున్న జుట్టు రంగులాంటి ప్రయత్నం అనలేను గానీ, రోజులు మారాయని ఫ్యాక్టరీకీ తెలుసు.

సైన్యం వదిలేసినది పోలీసుకు వచ్చింది. చంబల్ లోయలో బందిపోట్ల వేటకు వెళ్లింది. బ్యాంకుల ముందు, ట్రెజరీల ముందు, పోలింగు కేంద్రాల ముందు నిలబడింది. మన తెలుగు జిల్లాల్లో ఆర్మ్‌డ్ రిజర్వ్ మైదానాల్లో ఏటా దసరాకు పసుపు కుంకుమలు పెట్టించుకుంది. కొత్తవి తయారు కావడం ఆగిపోయిన తుపాకీకి కొత్త భాగాలు ఎక్కడ పుడతాయి? ఒక ముసలిదాన్ని విప్పితేనే ఇంకో ముసలిది నడుస్తుంది. స్ప్రింగు దీనిది, తల దానిది, చెక్క మరోదానిది. చెక్కి ఉన్న నంబర్లు ఒకదానికొకటి కలవవు. పైకి నూనె రాసి, పాలిష్ పట్టిన చెక్కతో అది నిగనిగలాడుతుంది. తనిఖీకి వచ్చిన అధికారికి అది చాలు. కాల్పుల అభ్యాసానికి తూటాలే కరువైనప్పుడు లోపలి జబ్బు బయటపడే సందర్భం కూడా రాదు.

వచ్చినప్పుడు మాత్రం దారుణంగా వచ్చింది. 2008 నవంబర్ 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఇద్దరు ముష్కరులు ఏకే రైఫిళ్లతో 50 మందికి పైగా ప్రయాణికులను చంపారు. స్టేషన్‌లో ఉన్న పోలీసుల చేతుల్లో లాఠీలు, కొద్దిపాటి త్రీ నాట్ త్రీలు. రైల్వే రక్షణ దళం హెడ్ కానిస్టేబుల్ జిల్లూ యాదవ్ పక్కవాడి దగ్గర త్రీ నాట్ త్రీ లాక్కుని కాల్చాడు. ఆ తర్వాత ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి వాళ్ల మీదికి విసిరాడు. ప్రభుత్వం ఆయనకు శౌర్య పతకం ఇచ్చింది. ఆ కుర్చీని హాస్యంగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకైతే ఆ రాత్రి మొత్తం పోలీసు ఆయుధాగారం మీద వేసిన ఆడిట్ రిపోర్టు అదే అనిపిస్తుంది.

ఈ ముసలి తుపాకుల్లో కొన్నిటికి ఇంకా కింది మెట్టు కూడా ఉంది. ఎన్‌సీసీలో కవాతు చేసినవాళ్లకు డీపీ రైఫిల్ గుర్తుండే ఉంటుంది. కాల్చడానికి పనికిరాదని తేలిన తుపాకీకి గొట్టంలో రంధ్రం చేసి, డ్రిల్లుకు మాత్రమే అని ముద్ర వేస్తారు. దాదాపు నాలుగు కిలోల బరువు అలాగే ఉంటుంది. ఇంటర్ పిల్లలు ‘బాజూ శస్త్ర్’ అనగానే దాన్ని పక్కకు దించి, భుజం నొప్పెట్టినందుకు తిట్టుకునేవారు.

ఇదే తుపాకీకి కెనడాలో ఇంకో తీరు ముగింపు దొరికింది. ఉత్తర ధ్రువ మంచులో గస్తీ తిరిగే కెనడియన్ రేంజర్లు 1947 నుంచి నంబర్ 4 లీ ఎన్‌ఫీల్డ్‌నే వాడారు, ఎక్కువగా ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోవడానికి. గడ్డకట్టే చలిలో అది మొరాయించదని వాళ్లకు దాని మీద ప్రేమ. విడిభాగాలు దొరకడం కష్టమైపోతోందని ప్రభుత్వం ముందే లెక్కవేసి, 2018 నుంచి సీ19 అనే కొత్త రైఫిల్ ఇచ్చింది. పాతదాన్ని జ్ఞాపకంగా ఉంచుకోవాలనుకున్న రేంజర్లకు ఆ వీలూ కల్పించింది.

మన కానిస్టేబుల్‌కు చట్టం అలాంటి వీలు ఇవ్వదు. ఇచ్చినా ఎవరైనా అడిగి ఇంటికి తీసుకెళ్లేవారని నేననుకోను. రాత్రంతా దాన్ని పక్కన పెట్టుకుని కాపలా కూర్చున్నవాడికి, అవసరం పడితే పేలుతుందా అన్న అనుమానమే దానితో గడిపిన కాలమంతా తోడుంది.