మంచు అన్న మాట

మా పెనుబల్లిలో మంచు అంటే ధనుర్మాసపు వేకువన లంకాసాగర్ నీళ్ళ మీద కప్పుకునే తెలిపొగ. మామిడిపూత మాడుతుందేమోనని రైతు దిగులుపడేది దానికే. పొద్దెక్కితే అదీ ఉండదు. చేత ముద్దకట్టేది, కాలు వేస్తే మోకాటిదాకా దిగబడేది అయిన ఇంకొక పదార్థానికీ మనకు అదే మాట. హిమము, తుహినము, నీహారము అని సంస్కృతం నుండి ఎన్ని తెచ్చుకున్నా అవి పద్యంలో గణాలకు కుదిరే పర్యాయపదాలే అయ్యాయి కాని, వేరువేరు మంచులకు పేర్లు కాలేదు. గుల్మార్గ్ వాలుల మీద స్కీ చెక్కలతో జారేవారికి రాత్రి కురిసిన పొడిమంచు వేరు, ఎండకు మెత్తబడి తిరిగి గడ్డకట్టిన పెళుసుమంచు వేరు. జనం పలచగా ఉండే పనిదినాల్లో ఎవరూ తొక్కని పొర దొరకడం వారికి పండుగ.

తెలుగు కావ్యంలో మంచు అలంకారంగా కాక, కథను నడిపిన ఘట్టం అనగానే నాకు తోచేది 16వ శతాబ్దపు మనుచరిత్ర. అల్లసాని పెద్దన సృష్టించిన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో అరుణాస్పదపురం నుండి హిమవంతం చేరతాడు. మంచు తగిలి లేపం కరిగిపోతుంది. ఇక ఇల్లు చేరే దారి లేదు. వరూధిని వృత్తాంతమంతా ఆ కరగడం మీదే నిలబడింది. స్కీ చెక్కల అడుగున ఆనాటి మంచు తీరును బట్టి మైనం మారుస్తారని చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పాపం, ప్రవరుడు లేపం గుణం విన్నాడే కాని మంచు గుణం విచారించలేదు!

విచారించి వెళ్ళినవారు మన తెలంగాణ నుండే వచ్చారు. భద్రాచలం అడవుల అంచున, ఆనాటి ఖమ్మం జిల్లా చర్ల మండలపు కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల బాలిక మాలావత్ పూర్ణ. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనిక, శిక్షకుడు శేఖర్ బాబు బచినేపల్లి పర్యవేక్షణ. ముందు భువనగిరి బండ. రాతికి మాత్రం మనకు కొదవ లేదు కదా. ఆ తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థ, ఆ పైన నడిచలికాలపు లడఖ్. వేసవిలో 45 డిగ్రీలు చూసే ప్రాంతపు పిల్లలు సున్నాకు ఎంతో దిగువన గుడారాల్లో పడుకొని, మంచుమీద ముళ్ళబూటు ఎలా మోపాలో నేర్చుకున్నారు.

పదహారేళ్ళు నిండనివారికి నేపాల్ వైపు అనుమతి లేనందున పూర్ణ కోసం టిబెట్ వైపు నుండి ఎక్కారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతం దగ్గర హిమపాతంలో 16 మంది మరణించారు. ఆ వార్త తరువాత కూడా ఆ పిల్లలు వెనుదిరగలేదు. తల్లిదండ్రుల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించగలను. మే 25 ఉదయం ఇద్దరూ 8,848 మీటర్ల ఎవరెస్టు మీద నిలిచారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. వెంట తీసుకెళ్ళిన చిత్రాలు అంబేద్కర్‌వి, ఎస్.ఆర్. శంకరన్‌వి. ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

శిఖరం గురించి ఎంతో వ్రాశారు. నా మనసు మాత్రం దిగుదల మీదే ఆగుతుంది. ప్రవరుణ్ణి ఇల్లు చేర్చడానికి అగ్నిదేవుడు రావలసి వచ్చింది. ఈ పిల్లలు తాళ్ళు పట్టుకొని, అడుగు వెంట అడుగు మోపుతూ, ఎక్కిన దారినే దిగివచ్చారు.