సంగీత సర్వరు - సీడీ ట్రాన్స్‌పోర్టు

సంగీత సర్వరు, సీడీ ట్రాన్స్‌పోర్టు అనేవి డిజిటల్ రూపంలో నిక్షిప్తమైన సంగీతాన్ని చదివి అందించే రెండు రకాల సాధనాలు. సీడీ ట్రాన్స్‌పోర్టు పాట వినే సమయంలోనే సీడీ నుండి సమాచారాన్ని చదువుతుంది. సర్వరు మాత్రం ముందుగా హార్డ్‌డిస్కులో భద్రపరచిన ఫైళ్ళ నుండి చదువుతుంది. ఈ సమాచారాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని డాక్ అంటారు. ట్రాన్స్‌పోర్టుకు డాక్ విడిగా ఉండాలి. కొన్ని సర్వర్లలో అది లోపలే ఉంటుంది.

పనిచేసే విధానం

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో మార్కెట్లోకి వచ్చింది. ఇందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. ఈ లెక్కన రెండు చానెళ్ళ సంగీతం గంటకు సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. 1 టెరాబైటు హార్డ్‌డిస్కులో కుదించకుండానే 1,500 గంటలకు పైగా సంగీతం పడుతుంది.

సీడీపై చిన్న గీతలు పడినా దోష సవరణ పద్ధతి ద్వారా అసలు సమాచారం తిరిగి లభిస్తుంది. గీత పెద్దదైతే ట్రాన్స్‌పోర్టు లోటును అంచనాతో పూరిస్తుంది. సర్వరు కోసం ప్రతి తీసేటప్పుడు మాత్రం అదే భాగాన్ని పలుమార్లు చదివించవచ్చు.

నాణ్యత

దోషం లేకుండా తీసిన ప్రతిలోని బిట్లు సీడీలోని బిట్లతో సమానం. ఫ్లాక్ వంటి నష్టరహిత ఫైళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఎంపీ3లో కొంత సమాచారం శాశ్వతంగా పోతుంది కనుక భద్రపరచడానికి అది తగదు.

కొల్లేటి పరిసరాలలో

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాలలో వేడి, గాలిలో తేమ ఎక్కువ. కర్మాగారంలో ముద్రించిన సీడీ కంటే ఇంటిలో రాసుకున్న సీడీ-ఆర్ వీటికి త్వరగా లొంగుతుంది. అందులో సమాచారం రంగుపొరపై ఉంటుంది. ఎండ, వేడి, తేమల వలన ఆ పొర క్షీణిస్తుంది. ఘంటసాల భగవద్గీత సీడీ పాడైతే మరొకటి సంపాదించవచ్చు. ఊరి గుడిలో చెప్పిన హరికథ, ఇంటి పెద్దల కంఠం ఉన్న సీడీ-ఆర్ పోతే ఇక దొరకదు.

సర్వరుకూ ప్రమాదాలున్నాయి. హార్డ్‌డిస్కు ఒక్కసారిగా చెడిపోతే సేకరణ అంతా పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదనీరు కొల్లేటిలో చేరి అనేక గ్రామాలను ఇబ్బందులపాలు చేసింది. అటువంటి వేళ సీడీలు, సర్వరు ఒకే గదిలో ఉంటే రెండూ ఒకేసారి మునిగే అవకాశం ఉంది. లంక గ్రామంలోని సేకరణకు రెండవ ప్రతిని ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో బంధువుల ఇంట ఉంచడం సురక్షితం.

ఎంపిక

* ముద్రిత సీడీలు మాత్రమే ఉండి, ఒక్కొక్కటిగా వినే అలవాటున్నవారికి ట్రాన్స్‌పోర్టు చాలు. అయితే పాత నమూనాలకు లేజరు భాగం దొరకడం కష్టం కావచ్చు.
* సేకరణ పెద్దదైతే సర్వరు అనుకూలం. యూనికోడ్ వలన పాట, రాగం, గాయకుల పేర్లను తెలుగులోనే నమోదు చేసి వెతకవచ్చు. ఆ నమోదుకు ఓపిక అవసరం.
* సీడీ-ఆర్‌లు ఉన్నవారు ఏ సాధనం కొన్నా ముందుగా వాటికి నష్టరహిత ప్రతులు తీయాలి. సాధనాన్ని ఆ తరువాత కూడా మార్చుకోవచ్చు. చెరిగిన ధ్వనిని తిరిగి పొందలేము.

ఇవి కూడా చూడండి

* కాంపాక్ట్ డిస్క్
* హరికథ
* కొల్లేరు సరస్సు